ఆకలి నేర్పిన కరుణ – పండిత రమాబాయి జీవితం

రమాబాయి అన్న పేరు వినగానే మన హాస్టల్ విద్యార్థులకు ముందుగా గుర్తుకు వచ్చేది బాబాసాహెబ్ అంబేద్కర్ గారి సతీమణి మాత రమాబాయి. ఈ వ్యాసంలో మేము పరిచయం చేస్తున్న రమాబాయి వేరొకరు. ఈమె పండిత రమాబాయి. అంబేద్కర్ గారు పుట్టడానికి రెండేళ్ళ ముందే, 1889లో, దిక్కులేని ఆడపిల్లల కోసం బొంబాయిలో వసతితో కూడిన పాఠశాల తెరిచిన మహిళ. ఆకలి, చావు, వైధవ్యం, నింద అన్నీ చూసి, క్రీస్తు విశ్వాసంలో ఓదార్పు పొంది, ఆ ఓదార్పును వేలమందికి ఇల్లుగా, అన్నంగా, అక్షరంగా మార్చిన తల్లి.

వార్షికోత్సవ సంచికకు ఎవరి జీవితం రాయాలా అని ఆలోచించినప్పుడు ఈమెను ఎంచుకోవడానికి కారణం ఉంది. మన హాస్టల్లో ఏటా ఎవరో ఒకరి ఇంట్లో కష్టం వస్తుంది. నాన్న పోయారని కబురు వస్తుంది. అప్పు కోసం పొలం పోతుంది. చదువు మాని పనికి రమ్మని ఇంటి నుండి ఫోను వస్తుంది. అలాంటి రాత్రి స్టడీ అవర్‌లో పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్న తమ్ముడికి మేము ఏం చెప్పగలం? దేవుడున్నాడు, ధైర్యంగా ఉండు అంటాం. దేవుడుంటే మా నాన్న ఎందుకు పోయాడు అని వాడు అడిగితే మా దగ్గర జవాబు ఉండదు. రమాబాయి కూడా ఈ ప్రశ్నతోనే పెరిగారు. అందుకే ఆమె జీవితం మనందరం తెలుసుకోదగినది.

అడవిలో అక్షరాభ్యాసం

రమాబాయి 1858 ఏప్రిల్ 23న పడమటి కనుమల్లోని గంగమూల అనే అడవి ప్రాంతంలో పుట్టారు. అది ఇప్పటి కర్ణాటకలో ఉంది. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే, తల్లి లక్ష్మీబాయి. తండ్రి గొప్ప సంస్కృత పండితుడు. స్త్రీలు చదవకూడదన్న రోజుల్లో ఆయన తన భార్యకు సంస్కృతం నేర్పారు. తోటి బ్రాహ్మణ పండితులు అది తప్పన్నారు. ఆయన వినలేదు. ఊరి గొడవలకు దూరంగా అడవిలో ఇల్లు కట్టుకుని అక్కడే భార్యకు చదువు చెప్పారు.

రమాబాయికి గురువు తల్లే. తెల్లవారకముందే లేపి, ఒడిలో కూర్చోబెట్టుకుని శ్లోకాలు చెప్పించేవారట. పన్నెండేళ్ళు వచ్చేసరికి రమాబాయికి భాగవతంలోని 18,000 శ్లోకాలు నోటికి వచ్చు. చదువుకున్న తల్లి ఇంట్లో ఉంటే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

తరువాత కుటుంబం ఆస్తి పోగొట్టుకుని యాత్రల బాట పట్టింది. తల్లి, తండ్రి, అన్న శ్రీనివాస్, అక్క కృష్ణాబాయి, రమాబాయి ఊరూరా తిరుగుతూ గుళ్ళలో పురాణం చదివేవారు. భక్తులు ఇచ్చిన బియ్యం, చిల్లర డబ్బులతో బతికేవారు. ఉన్నదంతా దానధర్మాలకు, వ్రతాలకు ఖర్చు పెట్టారు. కూలి పని చేయడం కులానికి తగదన్న కట్టుబాటు వారి కాళ్ళకు సంకెల అయింది.

తిరుపతి అడవిలో పదకొండు రోజులు

1870వ దశకంలో మద్రాసు రాజధానిలో కరువు వచ్చింది. మన తెలుగు జిల్లాలు అప్పుడు ఆ రాజధానిలోనే ఉండేవి. పురాణం వినేవారికే తిండి లేనప్పుడు చదివేవారికి ఎవరు పెడతారు? ఒంటి మీది నగలు, ఇంటి పాత్రలు, మంచి బట్టలు ఒక్కొక్కటిగా అమ్ముడుపోయాయి. చివరి గింజ కూడా అయిపోయిన రోజున ఆ కుటుంబం తిరుపతి దగ్గరి అడవిలోకి వెళ్ళింది. బతకడానికి కాదు, అక్కడే ప్రాణాలు విడవాలన్న నిర్ణయంతో.

పదకొండు పగళ్ళు, పదకొండు రాత్రులు వారు నీళ్ళు తాగి, ఆకులు తిని, గుప్పెడు ఈతపళ్ళతో గడిపారు. చూపు పోయిన తండ్రి ఇక ఈ బాధ చూడలేక జలసమాధి అవుతానన్నారు. ఒక్కొక్క బిడ్డనూ దగ్గరకు తీసుకుని వీడ్కోలు చెప్పారు. చిన్నదైన రమాబాయిని గుండెకు హత్తుకుని, నిన్ను దేవుని సేవకే అప్పగిస్తున్నానని చెప్పారు. అప్పుడు అన్న శ్రీనివాస్ అడ్డుపడ్డాడు. కులం మాట పక్కన పెట్టి కూలి చేసైనా అందరినీ పోషిస్తానన్నాడు. అలా వారు చావు నిర్ణయం మార్చుకున్నారు.

ఇక్కడ మేము ఒక మాట చెప్పాలి. చావుకు సిద్ధపడిన ఆ ఐదుగురిని ఆపింది ఒక అన్న అన్న మాట. ఎంత ఇరుకులో ఉన్నా పక్కవాడు నేనున్నానని ఒక్క మాట అంటే మనిషి ఇంకో రోజు బతుకుతాడు. హాస్టల్లో ఉన్నవాళ్ళం ఇది మరువరాదు.

కానీ అప్పటికే ఆలస్యమైంది. కొద్ది రోజుల్లోనే తండ్రి జ్వరంతో కన్నుమూశారు. కొన్నాళ్ళకు తల్లి. చావు బతుకుల్లో ఉన్న తల్లి కోసం రమాబాయి పొరుగింటికి వెళ్ళి రొట్టెముక్క అడగబోయారు. సిగ్గుతో నోరు పెగలలేదు. ఆ ఇల్లాలే అర్థం చేసుకుని రొట్టె ఇచ్చింది. తీసుకుని వచ్చేసరికి తల్లికి తినే శక్తి లేదు. పాడె మోయడానికి మనుషులు చాలక రమాబాయి కూడా మోశారు. ఆ తరువాత అక్క కలరాతో పోయింది. పదహారు, పదిహేడేళ్ళ ప్రాయంలో రమాబాయికి మిగిలింది అన్న ఒక్కడే.

కాలినడకన దేశమంతా

అన్నాచెల్లెళ్ళు కాలినడకన దేశమంతా తిరిగారు. సుమారు 4000 మైళ్ళు నడిచామని రమాబాయి తరువాత రాసుకున్నారు. జీలం నది ఒడ్డున చలికి తట్టుకోలేక ఇసుకలో గోతులు తవ్వుకుని, తల మాత్రం బయట ఉంచి, ఒళ్ళంతా ఇసుక కప్పుకుని రాత్రి గడిపారు. రోజుల తరబడి తిండి లేదు. చెప్పిన వ్రతాలన్నీ చేశారు. అయినా తల్లిదండ్రులు ఆకలితో ఎందుకు పోయారన్న ప్రశ్నకు జవాబు దొరకలేదు. పాత నమ్మకం సడలింది. దాని స్థానంలో కొత్తది ఏదీ రాలేదు. మనసంతా ఖాళీ అయిపోయిన కాలం అది.

1878లో వారు కలకత్తా చేరారు. ఇరవై ఏళ్ళ అమ్మాయి సంస్కృతంలో అనర్గళంగా మాట్లాడడం చూసి అక్కడి పండితులు ఆశ్చర్యపోయారు. పరీక్షించి పండిత, సరస్వతి అనే బిరుదులు ఇచ్చారు. అయితే స్త్రీల ధర్మాల మీద ఉపన్యాసాలు చెప్పడానికి ధర్మశాస్త్రాలు లోతుగా చదివినకొద్దీ ఆమెకు ఒక సంగతి తెలిసివచ్చింది. ఆ గ్రంథాలు ఎన్నో విషయాల్లో ఒకదానితో ఒకటి కలవవు. కానీ స్త్రీలను, శూద్రులను తక్కువగా చూడడంలో మాత్రం ఒకటే. వేదం చదివే హక్కు వారికి లేదు. సొంతంగా మోక్షం పొందే దారి కూడా లేదు. ఏ చదువు వల్ల తనకు పేరు వచ్చిందో ఆ చదువులోనే తనకు చోటు లేదని గ్రహించడం ఎంత బాధో మనకు తెలియనిది కాదు.

ఇరవై మూడేళ్ళకే ఒంటరి

1880లో అన్న శ్రీనివాస్ ఢాకాలో మరణించాడు. అదే సంవత్సరం రమాబాయి బెంగాలీ వకీలు బిపిన్ బిహారీ మేధావిని రిజిస్టరు పెళ్ళి చేసుకున్నారు. ఆయన శూద్ర కులస్థుడు. ఆ రోజుల్లో బ్రాహ్మణ యువతి కులం దాటి పెళ్ళాడడం చిన్న విషయం కాదు. ఇరువైపుల వారూ వెలివేశారు. ఇద్దరూ అస్సాంలోని సిల్చార్‌లో కాపురం పెట్టారు. 1881లో కూతురు మనోరమ పుట్టింది.

సిల్చార్‌లో భర్త పుస్తకాల మధ్య ఆమెకు ఒక చిన్న పుస్తకం దొరికింది. అది లూకా సువార్త, బెంగాలీలో. పేదవారి మధ్య, రోగుల మధ్య, సమాజం నెట్టేసిన వారి మధ్య తిరిగిన క్రీస్తు కథ ఆమెను ఆకట్టుకుంది. అప్పటికి అది ఆసక్తి మాత్రమే.

1882 ఫిబ్రవరిలో భర్త కలరాతో మరణించారు. పెళ్ళయి రెండేళ్ళు కూడా నిండలేదు. చంకలో ఏడాది నిండని పాప. రమాబాయి వయసు 23. ఈ వ్యాసం రాస్తున్న మా వయసు కూడా అంతే. మేము పి.జి. సీటు కోసం, స్కాలర్‌షిప్ కోసం దిగులు పడే వయసులో ఆమె తల్లిని, తండ్రిని, అక్కను, అన్నను, భర్తను కోల్పోయి ఉన్నారు.

ఆమె పూణే వెళ్ళారు. అదే ఏడాది ఆర్య మహిళా సమాజం స్థాపించారు. హంటర్ విద్యా కమిషన్ ముందు సాక్ష్యం చెప్పి ఆడపిల్లలకు ఉపాధ్యాయినులు కావాలని, స్త్రీలకు స్త్రీ వైద్యులు కావాలని వాదించారు. మన వైపు రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరులో. అంటే ఇటు మగవాళ్ళు వితంతువుల కోసం పోరాడుతున్న రోజుల్లోనే అటు ఒక వితంతువు తానే గొంతెత్తింది.

ఆ గృహంలో తెలిసిన సత్యం

వైద్యం చదవాలన్న కోరికతో 1883లో రమాబాయి పాపను తీసుకుని ఇంగ్లండ్ వెళ్ళారు. వాంటేజ్ అనే ఊళ్ళో క్రైస్తవ సన్యాసినుల దగ్గర ఉన్నారు. వినికిడి తగ్గిపోవడంతో వైద్య విద్య ఆశ వదులుకోవలసి వచ్చింది. తోడుగా వచ్చిన స్నేహితురాలు అక్కడే మరణించింది. పరాయి దేశంలో మళ్ళీ ఒంటరితనం.

ఆ రోజుల్లోనే ఆమె లండన్‌లోని ఫుల్హామ్‌లో ఒక గృహం చూశారు. సమాజం చెడిపోయిన ఆడవాళ్ళని ముద్ర వేసి గెంటేసిన స్త్రీలను ఆ సన్యాసినులు అక్కడ చేరదీసి, ప్రేమగా చూసి, పని నేర్పి, మళ్ళీ మనుషులుగా నిలబెడుతున్నారు. అలాంటి స్త్రీలను శిక్షించాలన్న మాటే తప్ప ప్రేమించాలన్న మాట ఆమె అంతవరకూ ఏ శాస్త్రంలోనూ చదవలేదు. వీరికెందుకు ఇంత జాలి అని అడిగారు. అప్పుడు ఒక సిస్టర్ యోహాను సువార్తలోని సమరయ స్త్రీ కథ చదివి వినిపించారు. యూదులు అంటరానివారిగా చూసే జాతి స్త్రీ. పైగా ఊళ్ళో మంచి పేరు లేనిది. అలాంటి స్త్రీని మధ్యాహ్నం ఎండలో బావి దగ్గర క్రీస్తు మంచినీళ్ళు అడిగాడు. ఆమెతో సమానంగా కూర్చుని మాట్లాడాడు.

బావి దగ్గర నీళ్ళ కథ ఎందుకు గుండెకు తగులుతుందో మన వాడల నుండి వచ్చిన వాళ్ళకు ఎవరూ వివరించనక్కరలేదు. రమాబాయి మనసులోని ఖాళీ అక్కడ నిండడం మొదలైంది. 1883 సెప్టెంబరు 29న వాంటేజ్‌లో ఆమె, పాప బాప్తిస్మం తీసుకున్నారు. స్వదేశంలో పెద్ద దుమారం రేగింది. ఆ సమయంలో ఆమె వైపు నిలిచి రాసినవారిలో మహాత్మా జోతిరావు ఫూలే ఒకరు. 1885లో ఆయన ప్రచురించిన సత్సార్‌లో ఆమె నిర్ణయాన్ని సమర్థించారు.

ప్రశ్నించడం మానని విశ్వాసం

విశ్వాసం అంటే కళ్ళు మూసుకుని తల ఊపడం అని చాలామంది అనుకుంటారు. రమాబాయి అలా చేయలేదు. చర్చి పెద్దలు చెప్పిన ప్రతి సిద్ధాంతాన్నీ వాదించి తేల్చుకున్నారు. తన మనస్సాక్షి ఒప్పనిది ఎవరు చెప్పినా ఒప్పుకోలేదు. మెడలో వేసుకునే సిలువ మీద లాటిన్ అక్షరాలే ఎందుకుండాలి, మన సంస్కృతం ఎందుకు పనికిరాదు అని అడిగారు. గురువులకు ఆమె రాసిన ఉత్తరాల నిండా ఇలాంటి పేచీలే. క్రీస్తును అంగీకరించినంత మాత్రాన తెల్లవారి పెత్తనాన్ని అంగీకరించినట్టు కాదని ఆమె నడత చెప్పింది.

మరో నిజం కూడా ఆమె దాచలేదు. 1883లో తనకు దొరికింది క్రైస్తవ మతం మాత్రమేననీ, క్రీస్తు ఇంకా దొరకలేదనీ, లోపలి శాంతి దాదాపు ఎనిమిదేళ్ళ తరువాత, 1891 ప్రాంతంలో కలిగిందనీ రాసుకున్నారు. అంటే బాప్తిస్మం రోజే దుఃఖాలన్నీ మాయం కాలేదు. ఓదార్పు మెల్లగా వచ్చింది. ఇంకా రాలేదే అని బాధపడేవారికి ఈ సంగతి ధైర్యం ఇస్తుంది.

శారదా సదన్

1886లో రమాబాయి అమెరికా వెళ్ళారు. తన బంధువు ఆనందీబాయి జోషి డాక్టరు పట్టా అందుకుంటుంటే చూశారు. అగ్రకుల హిందూ స్త్రీల దుస్థితి మీద ఇంగ్లీషులో ఒక పుస్తకం రాసి 1887లో ప్రచురించారు. ఊరూరా ఉపన్యాసాలిచ్చారు. అక్కడివారు ఒక సంఘంగా ఏర్పడి పదేళ్ళపాటు డబ్బు పంపుతామని మాట ఇచ్చారు. తిరిగి వచ్చి 1889 మార్చి 11న బొంబాయిలో శారదా సదన్ తెరిచారు. మరుసటి ఏడాది దాన్ని పూణేకు మార్చారు. బాలవితంతువులకు అక్కడ తిండి, బట్ట, చదువు, ఉండే చోటు అన్నీ ఉండేవి. తొలినాటి విద్యార్థిని గోదూబాయి తరువాత మహర్షి కార్వేను వివాహం చేసుకున్నారు. అదే 1889 డిసెంబరులో బొంబాయి కాంగ్రెస్ మహాసభకు వెళ్ళిన కొద్దిమంది మహిళా ప్రతినిధుల్లో రమాబాయి ఒకరు.

సదన్‌లో మతబోధ ఉండదని ఆమె మాట ఇచ్చారు. అయితే తాను కూతురితో ప్రార్థన చేసుకునే గది తలుపు మూసేవారు కాదు. కొందరు పిల్లలు వచ్చి కూర్చునేవారు. 1893లో దీని మీద పెద్ద గొడవ జరిగింది. తిలక్ గారి కేసరి పత్రిక తీవ్రంగా రాసింది. సలహా సంఘంలోని పెద్దలు తప్పుకున్నారు. చాలామంది తమ పిల్లలను తీసుకుపోయారు. ఆ రోజుల్లోని పెద్దల అనుమానాన్ని మేము పూర్తిగా కొట్టిపారేయడం లేదు. కానీ ఇంట్లో గుండు చేయించి మూలన కూర్చోబెట్టిన పిల్లకు పలక ఇచ్చినవారు ఎవరు అన్నది కూడా చూడాలి కదా. రమాబాయి సదన్ మూయలేదు. మిగిలిన పిల్లలతోనే నడిపారు.

ముక్తి

1896–97లో మధ్య పరగణాల్లో కరువు వచ్చింది. ఆ వార్త వినగానే ఆమెకు తిరుపతి అడవి, ఆకులు తిన్న రోజులు గుర్తుకు వచ్చాయి. చేతిలో పెద్దగా డబ్బు లేకపోయినా స్వయంగా బయలుదేరారు. ఎముకల గూళ్ళుగా మారిన పిల్లలను, దుర్మార్గుల చేతుల్లో పడబోతున్న యువతులను వెతికి వెతికి తీసుకువచ్చారు. అలా వచ్చినవారు సుమారు 300 మంది. అప్పటికే పూణేలో ప్లేగు. అందుకని ఊరికి సుమారు 55 కిలోమీటర్ల దూరాన కేడ్‌గావ్‌లో తాను కొన్న పొలంలోకి వారిని చేర్చారు. మొదట గుడిసెలు, ఆ తరువాత భవనాలు. దానికి పెట్టిన పేరు ముక్తి. 1900లో గుజరాత్ కరువు బాధితులు కూడా చేరాక అక్కడ 1500 మంది దాకా ఉండేవారు.

శారదా సదన్‌లో ఎక్కువగా అగ్రకులాల వితంతువులు ఉండేవారు. ముక్తిలో కులం అడగలేదు. కరువు ఎవరిని తోలితే వారే వచ్చారు. అక్కడ చదువుతో పాటు చేతిపని తప్పనిసరి. నేత, గానుగ, పాడి, తోటపని, అచ్చుపని అన్నీ ఆడవాళ్ళే చేసేవారు. కూలి పని నామోషీ అన్న కట్టుబాటు వల్ల తల్లిదండ్రులను పోగొట్టుకున్న మనిషి కనుక, పని నేర్వని చదువును ఆమె నమ్మలేదు. చూపులేని వారికి బ్రెయిలీ చదువు పెట్టారు. మోసపోయిన స్త్రీల కోసం కృపా సదన్ పేరుతో వేరే గృహం కట్టారు. ఫుల్హామ్‌లో చూసినది మన నేల మీద నిలబెట్టారు.

చివరి దుఃఖం, చివరి పని

పల్లెటూరి ఆడవాళ్ళు చదివితే అర్థమయ్యే తేలిక మరాఠీలో బైబిల్ ఉండాలని ఆమె కోరిక. అందుకోసం నడివయసు దాటాక హీబ్రూ, గ్రీకు భాషలు నేర్చుకున్నారు. ఏళ్ళ తరబడి ఒంటరిగా కూర్చుని అనువదించారు. అచ్చు కూర్చినవారు, ముద్రించినవారు ముక్తి స్త్రీలే. 1919లో ప్రభుత్వం కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది.

కూతురు మనోరమ పెద్ద చదువులు చదివి తల్లికి కుడిభుజంగా నిలిచారు. అప్పటి నిజాం రాజ్యంలోని గుల్బర్గాలో పాఠశాల కూడా నడిపారు. తన తరువాత ముక్తిని ఆమె చూసుకుంటుందని రమాబాయి అనుకున్నారు. 1921 జూలైలో మనోరమ నలభై ఏళ్ళకే మరణించారు. తిరుపతి అడవిలో మొదలైన చావుల వరుసలో ఇది చివరిది, అన్నిటికంటే పెద్దది. రమాబాయి అప్పటికి బాగా చెవుడు వచ్చి, ఆరోగ్యం చెడి ఉన్నారు. అయినా ప్రూఫులు దిద్దడం ఆపలేదు. ఆ పని ముగించుకుని 1922 ఏప్రిల్ 5న కన్నుమూశారు. ఆమె అనువదించిన పూర్తి బైబిల్ 1924లో వెలువడింది. 1989లో భారత ప్రభుత్వం ఆమె పేరిట తపాలా బిళ్ళ విడుదల చేసింది. కేడ్‌గావ్‌లో ముక్తి సంస్థ నేటికీ పనిచేస్తోంది.

మనం నేర్చుకోవలసినది

మిత్రులారా, రమాబాయికి విశ్వాసం కష్టాలు లేకుండా చేయలేదు. విశ్వాసం వచ్చాకే నిందలు వచ్చాయి, విశ్వాసం ఉండగానే బిడ్డ పోయింది. మా నాన్న ఎందుకు పోయాడన్న ప్రశ్నకు ఆమె జీవితంలో కూడా నేరుగా జవాబు లేదు. ఆమెకు దొరికింది ఆ ప్రశ్నతో పాటు నడిచే తోడు. తక్కువవారని లోకం తోసేసిన వారి పక్కన కూర్చునే దేవుడు ఉన్నాడన్న నమ్మకం. ఆ నమ్మకాన్ని ఆమె ఒంటరిగా గదిలో దాచుకోలేదు. ఆకలి తెలిసిన మనిషి కాబట్టి ఆకలిగొన్నవారికి కంచం పెట్టారు. చదువుకు చోటు దొరకని మనిషి కాబట్టి చదువుకు చోటు కట్టారు.

మన హాస్టల్లో చర్చికి వెళ్ళేవారున్నాం, గుడికి వెళ్ళేవారున్నాం, మసీదుకు వెళ్ళేవారున్నాం, ఎక్కడికీ వెళ్ళనివారమూ ఉన్నాం. ఎవరి నమ్మకం వారిది. కానీ మాలో చాలామందిమి మా ఇళ్ళలో మొదటిసారి డిగ్రీ చేతబట్టినవాళ్ళం. ఎవరో ఒకరు కట్టిన కప్పు కింద పడుకుని, ఎవరో ఒకరు వండిన అన్నం తిని ఇక్కడిదాకా వచ్చాం. పొందిన ఓదార్పును మరొకరికి అందించినప్పుడే అది నిజమైన ఓదార్పు అవుతుందని రమాబాయి జీవితం చెబుతోంది.

కాబట్టి పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు మా మనవి ఒక్కటే. ఏడాదికి ఒక్కసారైనా హాస్టల్‌కు రండి. కొత్తగా చేరిన పిల్లల్లో ఎవరు మౌనంగా ఉంటున్నారో చూడండి. తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక మాట. కష్టం వచ్చినప్పుడు ఒంటరిగా మోయకండి. పక్క మంచం మీది వారితో చెప్పండి. విన్నవారు నేనున్నానని అనండి. తిరుపతి అడవిలో ఒక అన్న అన్న ఆ మాటే, ఎన్నో ఏళ్ళ తరువాత, వేలమందికి ఇల్లయింది.